1098కి నాలుగు స్టార్లు: ఒక టైలరమ్మ రివ్యూ

నేను ఇంతకుముందు రాసిన రివ్యూలు రెండే. ఒకటి కుట్టుమిషన్‌కి పెట్టించుకున్న మోటారు మీద. ఆరు నెలలకే కాలిపోయింది, కోపంతో రాశా. రెండోది కత్తెర మీద. బంగారం లాంటి కత్తెర, ఇప్పటికీ అదే వాడుతున్నా. ఇది మూడోది. దీనికి నేను ఒక్క రూపాయి కట్టలేదు, ఫోన్‌లో బ్యాలెన్స్ కూడా తగ్గలేదు. పిల్లల హెల్ప్‌లైన్, 1098. ఐదుకి నాలుగిస్తున్నా. ఆ ఒక్కటీ ఎక్కడ తెగిందో చెప్పాలంటే మొత్తం చెప్పాలి.

మాది నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నేల. మండల కేంద్రంలో బస్టాండు వెనక సందులో నా షాపు. జాకెట్లు కుడతా, ఫాల్, పీకో చేస్తా, పెళ్లిళ్ల సీజన్‌లో మగ్గం వర్క్ బయట చేయించి ఇస్తా. మహిళా సంఘంలో ఉన్నా కాబట్టి ఎండాకాలంలో సర్కారు బడి యూనిఫాంలు కుట్టే పని కూడా మాకు వస్తుంది. బడికి పోయి కొలతలు నేనే తీసుకుంటా, నోటుబుక్కులో తరగతి ప్రకారం రాసిపెట్టుకుంటా.

పోయిన మాఘంలో ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఐదు జాకెట్లు, అందులో ఒకటి తలంబ్రాల పట్టుచీర మీదికి. అడ్వాన్స్ ఐదు వందలు చేతిలో పెట్టింది. పిల్లను అద్దం ముందు నిలబెట్టి టేపు పెట్టా. భుజం పన్నెండున్నర. రాసుకుంటుంటే తల్లి అంది:

"చెల్లె, లోపట రెండించులు గుడ్డ ఇడువు. పిల్ల ఇంకా ఎదుగుతది."

కుట్టేవాళ్లకి అర్థమవుతుంది ఆ మాట. మామూలుగా పక్క కుట్లలో అరంగుళం, ముప్పావు వదులుతాం. పెళ్లికూతురైతే తర్వాత ఒళ్లు చేస్తుందని అంగుళం. రెండించులంటే చిన్నపిల్లల గౌనుకి వదిలే లెక్క.

"వయసెంతమ్మా?" అని పిల్లనే అడిగా. తల్లి అందుకుంది: "పద్దెనిమిది నిండినయి. ఆధార్ల ఉంది." పిల్ల మాత్రం, "అక్కా, యూనిఫాం కొలత గూడ నువ్వే తీస్కున్నవు గదా" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

వాళ్లు పోయాక నోటుబుక్కు తీశా. జూన్ పేజీ, తొమ్మిదో తరగతి, అదే పేరు. భుజం పన్నెండు. ఎనిమిది నెలల్లో అరంగుళం పెరిగిన పిల్ల అది. తొమ్మిదో తరగతి అంటే పద్నాలుగో పదిహేనో.

ఆ తల్లిని రాక్షసి అనుకోకండి, నాకు తెలిసిన మనిషే. పత్తి సీజన్‌లో పిల్లను బడి మాన్పించి సీడుపత్తి క్రాసింగ్‌కి తీసుకుపోయారు. ఈ పని తెలియనివాళ్లకి రెండు ముక్కలు: విత్తనాల కోసం వేసే పత్తిలో సాయంత్రం పూట మొగ్గ మీది పొర ఒలిచి పెడతారు, తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఒక్కో పువ్వుకీ చేత్తోనే. చెట్టు ఎత్తుకి సరిపోతారని, వేళ్లు సన్నగా ఉంటాయని పిల్లల్ని పెడతారు, అందులో ఆడపిల్లలే ఎక్కువ. సీజన్ అయిపోయాక పిల్ల మళ్లీ బడి గడప తొక్కలేదు. అమ్మానాన్నా బెంగళూరు బిల్డింగు పనికి పోవాలి. పిల్లని ఎవరి దగ్గర వదలాలి? ముసలి అవ్వ దగ్గరా? రాయచూరు వైపు మేనమామ ఉన్నాడు, కట్నం అడగడు, కట్టేసి పోతే ఒక భారం తీరుతుంది. లెక్క ఇంతే. మా వైపు ఈ లెక్కకి ఎదురు చెప్పేవాళ్లని నేను పెద్దగా చూడలేదు.

నా పెళ్లికి నాకు పదిహేనున్నర. నా పెళ్లి జాకెట్ ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది, మూడుసార్లు కుట్టు విప్పి వదులు చేసుకున్నా. మొదటిసారి విప్పినప్పుడు నేను ఐదో నెల కడుపుతో ఉన్నా. ఇంతకంటే నా సంగతి ఇక్కడ అక్కర్లేదు.

ఆ రాత్రి షట్టర్ సగం దించి, తొమ్మిది దాటాక 1098కి ఫోన్ చేశా. ఎత్తినామె తెలుగులోనే మాట్లాడింది. నేను హడావిడిగా ముందూ వెనకా చెప్తుంటే, "నిదానంగా చెప్పండమ్మా, ముందు ఊరి పేరు" అని ఒక్కొక్కటే అడిగింది. ఊరు, మండలం, ఇంటికి గుర్తు ఏముంది, పిల్ల పేరు, తండ్రి పేరు, ఏ బడి, పెళ్లి ఏ రోజు, ఎక్కడ. పిల్ల ఇప్పుడు ఇంట్లోనే ఉందా, కొడుతున్నారా. మీరు ఫోన్ చేస్తున్నట్టు పిల్లకి తెలుసా. నా పేరు చెప్పనన్నా. "చెప్పక్కర్లేదమ్మా" అంది. తొమ్మిది నిమిషాలు పట్టింది, ఫోన్‌లో చూసుకున్నా. నా ఆర్డర్ చీటీల సంచి మీద చెయ్యి పెట్టుకునే మాట్లాడినట్టున్నా, తర్వాత చూస్తే చీటీలన్నీ నలిగిపోయి ఉన్నాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది, మీరు చేయకండి. వయసు మీకెలా తెలుసు అంటే, నా దగ్గర కొలతల పుస్తకం ఉంది, జూన్‌లో రాసుకున్నా అని చెప్పేశా. పేరు దాచుకుని పని చెప్పుకున్నా. మండలంలో బడి యూనిఫాం కొలతలు తీసే టైలర్లు ఎంతమంది ఉంటారు చెప్పండి.

ఈ లైన్ 1996లో ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ నుంచి మొదలైందట. చాలా ఏళ్లు స్వచ్ఛంద సంస్థలు నడిపాయి, 2023 నుంచి ప్రభుత్వమే తీసుకుని అత్యవసర నంబరు 112తో కలిపింది, కింద జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు చూస్తున్నాయి. ఇవన్నీ మా అబ్బాయి తర్వాత ఫోన్‌లో చదివి వినిపించాడు. ఆ రాత్రి నాకు తెలిసిందల్లా అంగన్‌వాడీ గోడ మీద రాసి ఉన్న నాలుగంకెలు.

మర్నాడు పదకొండు గంటలకల్లా ఊళ్లోకి జీపు వచ్చింది. ఇంత తొందరగా వస్తారని నేననుకోలేదు. జిల్లా నుంచి ఇద్దరు, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్, పంచాయతీ కార్యదర్శి, ఒక కానిస్టేబుల్. కానిస్టేబుల్ మామూలు బట్టల్లో వచ్చాడు. పిల్లల దగ్గరికి యూనిఫాంలో పోకూడదట. నాకు ఆ సంగతి బాగా నచ్చింది. ఖాకీ చూస్తే ఆ ఇంట్లో పిల్లే దొంగ అయిపోయేది.

నేను వెళ్లలేదు. అంగన్‌వాడీ టీచర్ చెప్పింది ఇదంతా. తండ్రి ఆధార్ చూపించాడు, 18 నిండినట్టే ఉంది. జిల్లా నుంచి వచ్చినామె దాన్ని పక్కన పెట్టి, బడి అడ్మిషన్ రిజిస్టర్ తెప్పించమంది. వయసు తేల్చాలంటే ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం చూడాలి, అది లేకపోతే పంచాయతీ జనన ధృవీకరణ పత్రం, అదీ లేకపోతేనే డాక్టర్ పరీక్ష. బాలల న్యాయ చట్టంలో వరుస అలా ఉందట, అందులో ఆధార్ మాటే లేదట. రిజిస్టర్‌లో లెక్క చూస్తే పిల్లకి పద్నాలుగేళ్ల పది నెలలు.

సూపర్‌వైజర్ చట్టం చెప్పింది. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం, అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పెళ్లి చేసుకున్న పెద్దవాడికి, చేసినవాళ్లకి, చేయించినవాళ్లకి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఒకవేళ పెళ్లి అయిపోయినా, ఆ పిల్లకి ఇరవై నిండేలోగా తనే కోర్టుకి పోయి ఆ పెళ్లి రద్దు చేయించుకోవచ్చు. తండ్రి ఇవేవీ విన్నట్టు లేడు, నేల చూస్తూ కూర్చున్నాడట. తల్లి చెవికెక్కింది మాత్రం ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కళ్యాణలక్ష్మి డబ్బు. పద్దెనిమిది నిండకుండా చేస్తే ఆ 1,00,116 రావు కదమ్మా అని కార్యదర్శి అన్నాడట. "మూడేండ్లు ఆగితే లచ్చ వస్తదా?" అని తల్లి రెండుసార్లు అడిగిందట. నవ్వాలో ఏడవాలో తెలీదు గానీ ఆ రోజు పని చేసింది అదే.

(నేను తర్వాత సూపర్‌వైజర్‌ని అడిగా: చేయించినవాళ్లంటే జాకెట్లు కుట్టినదాన్ని నేనూ వస్తానా అని. ఆమె నవ్వింది గానీ, తెలిసి కుట్టకు అంది.)

సర్పంచ్ ముందు హామీ పత్రం రాయించుకున్నారు. సోమవారం పిల్లని తీసుకుని జిల్లా కేంద్రంలో బాలల సంక్షేమ సమితి ముందుకి రావాలన్నారు. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కాబట్టి చార్జీలు లేవన్న సాకు కూడా లేదు. జీపు వెళ్లిపోయింది.

అయిపోయిందనుకున్నా. అవలేదు.

ఆదివారం తెల్లవారుజామున పిల్లని ఆటోలో ఎక్కించారు. మాకూ రాయచూరు జిల్లాకీ మధ్య నది కూడా అడ్డం లేదు, చేలే. చేలు దాటితే వేరే రాష్ట్రం, అక్కడ గుడిలో తాళి కట్టిస్తే ఇక్కడివాళ్లు ఏం చేస్తారని ధీమా. మా వైపు ఇది కొత్త ఉపాయం కాదు. పోలీసులు వచ్చారంటే ఊరు మార్చు, ముహూర్తం మార్చకు.

ఆ పిల్ల దగ్గర నా చీటీ ఉంది. ప్రతి ఆర్డర్‌కీ చిన్న చీటీ ఇస్తా, ముందు వైపు నంబరు, తేదీ, ఎన్ని జాకెట్లు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసిన మర్నాడు, జీపు రాకముందే, పిల్ల చీర అంచు గుడ్డ ఇవ్వడానికి ఒక్కతే వచ్చింది. చీటీ వెనక 1098 రాసి ఇచ్చా. "ఏమన్నా అయితే ఈ నంబరుకి చెయ్, ఎవరి ఫోన్ అయినా సరే, డబ్బులు పడవు" అన్నా. అది పిల్ల దాచుకుంది. ఆటోలో అవ్వ పక్కన కూర్చుని, అవ్వ కీప్యాడ్ ఫోన్ తీసుకుని చేసింది. ఏం చెప్పిందో నాకు తెలీదు. రాష్ట్రం దాటినా నంబరు మారదు, దేశమంతా అదే. అటువైపు వాళ్లూ ఇటువైపు వాళ్లూ మాట్లాడుకున్నారు. గుడి మెట్ల దగ్గరే ఆపారు. పందిరి లేదు, మేళం లేదు, పది మంది చుట్టాలు, ఒక పూజారి.

అందుకే ఎవరైనా అడిగితే చెప్తా: మీరొక్కరే ఫోన్ చేస్తే సగం పని. నంబరు పిల్లకి ఇవ్వండి. కంఠస్థం చేయించండి. పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కపెట్టినట్టే, మూడో తరగతి పిల్లకైనా వస్తుంది. ఇంకోటి, పెళ్లి రోజు పొద్దున దాకా ఆగి చేయకండి. అప్పటికి అప్పు తెచ్చి ఉంటారు, వంటలు అయి ఉంటాయి, చుట్టాలు దిగి ఉంటారు, ఊరి పెద్దలకి పరువు పట్టుకుంటుంది. అప్పుడు వచ్చినవాళ్లు కూడా "ఈ ఒక్కసారికి" అనే మాట వినాల్సి వస్తుంది. ముందుగా తెలిస్తే మెజిస్ట్రేట్ దగ్గర ఆపుదల ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఆ ఉత్తర్వు ఉండగా తాళి కట్టినా చట్టం దృష్టిలో ఆ పెళ్లి చెల్లదు.

పిల్లని సంక్షేమ సమితి ముందు పెట్టారు, కొన్నాళ్లు పిల్లల్ని ఉంచే సర్కారు బాలసదనంలో ఉంచారు. జూన్‌లో కస్తూర్బా విద్యాలయంలో, అంటే ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడిలో చేర్చారు. తొమ్మిదో తరగతి మళ్లీ మొదటినుంచి.

ఇప్పుడు నా సంగతి. విచారణకని ఊళ్లోకి వచ్చిన ఒకాయన, ఏ ఆఫీసో రాయను, రచ్చకట్ట దగ్గర పదిమందిలో "బస్టాండు కాడ టైలరమ్మ చెప్పిందంట గదా" అనేశాడు. సాయంత్రానికి తల్లి షాపుకొచ్చింది. అరవలేదు. "నా బట్టలియ్యి" అంది. నాలుగు గుడ్డలు మడత పెట్టినవి అలాగే ఉన్నాయి. పట్టుది మాత్రం ఆమె మొదటిసారి వచ్చిపోయిన రోజే లైనింగ్‌తో సహా కోసి పెట్టా, పండగ ఆర్డర్లు ఎక్కువై ముందే కోసుకున్నా. ఆ ముక్కలు కూడా ఏరుకుని మూట కట్టుకుంది. చిన్న చేతి ముక్క ఒకటి కింద పడితే వంగి తీసుకుంది. అడ్వాన్స్ ఐదు వందలు వెనక్కిచ్చా, లెక్కపెట్టుకుని పోయింది.

ఆ ఉగాదికి నాకు వచ్చిన ఆర్డర్లు మామూలుగా వచ్చేదాంట్లో సగం. ఒకామె నా ముందే పక్క షాపులోకి పోయింది, చేతిలో పెళ్లిచీర కవరు. మా ఆయన "ఊరందరి పిల్లలూ నీ పిల్లలేనా" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి వారం రోజులు మాత్రం సాయంత్రం షట్టర్ దించేదాకా షాపు ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ నోరు జారినందుకు 1098కి స్టార్ కోయలేదు. ఫోన్ ఎత్తినామె మాట నిలబెట్టుకుంది. కోసింది సెలవులకి.

ఆపడం ఒక్కరోజు పని. ఆ ఒక్కరోజుకి జీపు ఉంది, కాగితం ఉంది, సంతకాలు ఉన్నాయి, ఫొటో కూడా ఉంది. తర్వాత మూడేళ్లుంది. కస్తూర్బాలో పిల్ల ఉన్నన్నాళ్లూ భయం లేదు. దసరాకి హాస్టల్ మూస్తారు, పిల్ల ఇంటికొస్తుంది. సంక్రాంతికి మూస్తారు, వస్తుంది. ఎండాకాలంలో నెలన్నర మూస్తారు, ముహూర్తాలు అప్పుడే ఉంటాయి. ఆ రోజుల్లో ఆ ఇంటికి పోయి ఒక గ్లాసు నీళ్లు తాగి రావాల్సిన మనిషి ఎవరు? పోయిన దసరాకి ఎవరూ రాలేదు. ఎవరు రావాలో ఆ ఆఫీసులో అడిగితే, ఫైలు క్లోజ్ అయిందమ్మా అన్నారు. పిల్లకి అప్పటికి పదిహేను దాటి నెలలే అయింది, ఫైలు మాత్రం క్లోజ్ అయింది.

మళ్లీ 1098కే చేశా. పెళ్లి ఏదైనా ఉందా అన్నారు. లేదు, పిల్ల ఇంటికొచ్చింది, ఎవరైనా పోయి కనపడితే చాలు అన్నా. రాసుకున్నారు. మర్నాడు అంగన్‌వాడీ టీచర్‌కి ఫోన్ వచ్చింది, ఆమె వెళ్లి కూర్చుని మాట్లాడి వచ్చింది. అంటే చెప్తే వస్తారు. చెప్పకపోతే రారు. చెప్పాల్సింది నేనే ఎందుకు కావాలి, వాళ్ల దగ్గర బడి సెలవుల క్యాలెండర్ లేదా అన్నదే నా గొడవ. ఒక్కో జిల్లాలో ఇలా ఆపిన పెళ్లిళ్ల పేర్లు ఉంటాయి కదా, సెలవు మొదలైన వారంలో ఆ పేర్ల ఇళ్లకి ఒక్కసారి పోతే చాలు.

ఐసీడీఎస్ మీటింగులో చెప్పిన అంకె ఒకటి గుర్తుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రాలో 29.3. నలుగురిలో ఒకరన్నమాట. ఆ రోజు మీటింగులో కింద కూర్చున్న మా సంఘం ఆడవాళ్లలో ఒకామె, "నలుగురిలో ఒకరా? మా బజార్ల అయితే ఒకరు గాదు, ముగ్గురు" అంది. అందరం నవ్వాం.

సంక్రాంతికి అవ్వ ఆ పిల్లని తీసుకుని షాపుకొచ్చింది. తల్లి రాలేదు, వీధి చివర నిలబడింది. యూనిఫాం భుజం దగ్గర పట్టేస్తోందంట. టేపు పెట్టా, పదమూడు పైన ఒక గీత. లోపల గుడ్డ ఉంది, నేనే వదిలా కదా, విప్పి కుట్టిచ్చా. డబ్బులు వద్దంటే అవ్వ వినలేదు, ఇరవై రూపాయలు మిషన్ మీద పెట్టి పోయింది.

కస్తూర్బాకి ఎండాకాలం సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. షాపు క్యాలెండర్‌లో ఏప్రిల్ 20కి ఎర్ర పెన్సిల్‌తో గుండ్రం చుట్టి పెట్టుకున్నా. ఆ రాత్రి షట్టర్ దించాక ఒకసారి ఫోన్ చేయాలి.